తెలుపుకు సిరా లేదు

సల్మాబాద్‌ల మా ప్రెస్సుకు కిటికీ లేదు.
బయట బహ్రెయిన్ ఎండ ఎంతున్నదో
లోపలికొచ్చే మనుషుల అంగీలు చూసి చెప్పాలె.
నా పని:
వచ్చిన ఫైలును ప్లేటుకు పంపేముందు
నాలుక చాపించి చూసుడు.

డిజైనర్లు వెలుతురుతోటి గీస్తరు,
మేం సిరాతోటి చెల్లియ్యాలె.
తెరమీద ధగధగ మెరిసిన నీలం
నాలుగు డబ్బాల్లకు దిగంగనే
మస్తుసార్లు ఉతికిన యూనిఫామ్ లెక్కయితది.
గిది నా రంగు కాదని కస్టమర్ మొత్తుకుంటడు.
కాదు మరి.
ఆ రంగు కాగితం కడుపున పుట్టదు.

ఖర్జూరం డబ్బా, అత్తరు డబ్బా, షవర్మా మెనూ,
ఏదైనా సరే
అంచు దాటి మూడు మిల్లీమీటర్లు ఎక్కువ అడుగుత.
కత్తికి కండ్లుండయి, వెంట్రుకంత అటిటు జరుగుతది,
జరిగినకాడ తెల్లగీత పండ్లికిలిస్తది.
కోతకు ముందే ఇయ్యాల్సిన కొసరు అది.

మే ఆఖరుల వచ్చింది ఆ పోస్టరు. ఐదు వేల కాపీలు.
ఎర్రటి నేల మీద నల్లగ అరబ్బీ,
దానికింద తెల్లక్షరాలల్ల
ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ,
అన్నిటికన్న అడుగున తెలుగు:
పన్నెండు నుంచి నాలుగు వరకు ఎండలో పని చేయవద్దు.

అరబ్బీని అబూ రాషిద్ దిద్దిండు,
విడిపోయిన అక్షరాల చేతులు మళ్ల కలిపిండు.
బెంగాలీ కోసం షఫీకుల్ మిషన్ ఆపి వచ్చిండు,
మసి చేతులు వెనక్కి కట్టుకొని చదివిండు.
తెలుగుకాడ
"మధ్‌యాహ్‌నం" అని ఉన్నది.
వత్తులు కిందికి దిగకుండ
పక్కపక్కన నిలబడ్డయి,
పొద్దుగాల నాలుగింటికి
క్యాంపు బస్సు కోసం నిలబడ్డట్టు.

రంగులు విడదీసి చూసిన.
మెజెంటాల, పసుపుల
హిందీ ఖాళీగ తెరుచుకున్నది, బెంగాలీ తెరుచుకున్నది.
తెలుగు ఉండాల్సిన జాగల
ఎరుపు. నిండుగ, నున్నగ, ఎరుపు.

ఎవరో ఓవర్‌ప్రింట్ పెట్టెల టిక్కు కొట్టిండ్రు.
నల్లక్షరానికి అది మేలు, తెల్లక్షరానికి సావు.
తెలుపుకు సిరా లేదు కద.
మిగతా రంగులు పక్కకు జరిగి
ఇడిసిన జాగనే తెలుపు.
తెరమీద ఉన్నది ఆ వరుస,
ఆఫీసు ప్రింటర్ల తీసి సంతకం పెట్టిన ప్రూఫుల ఉన్నది,
ఐదు వేల కాగితాలల్ల ఉండకపోవు.

ఫోన్ చేసిన.
"ఏ భాష?" అన్నడు జైమోన్.
"అన్నిటికన్న అడుగున."
"బాగనే కనిపిస్తున్నది కద భాయ్."
"మీ తెరమీద."
కొంచెంసేపు ఏసీ చప్పుడే.
"నువ్వు చదువుతవా అది?"
"చదువుత."
"అయితే నువ్వే చూసుకో."
ఆ ముక్క మెయిల్ పెట్టుమన్న. పెట్టిండు.

టిక్కు తీసిన.
వత్తులను ఒక్కొక్కటి దించి
వాటి వాటి అక్షరాల కింద కూసోబెట్టిన.
పనైపోయింది. ప్లేటు కొట్టొచ్చు.
కర్సరు మాత్రం "చేయవద్దు" కాడ ఆగి
మిణుకుమిణుకుమంటున్నది.

చేయవద్దు అంటే తప్పు చేసేటోనిది.
ఎండల ఎవడు కావాలని చేస్తడు?

మా రూలు ఒకటే, కస్టమర్ మాట ముట్టుకోవద్దు.
రంగు దిద్దు, కొలత దిద్దు,
తప్పు వాళ్లదైతే ఆ తప్పునే
శుభ్రంగ అచ్చెయ్యి.
పదమూడేండ్లల్ల నేను ఒక్క కామా కదపలేదు.

చేయించవద్దు.

వరుస పొడుగయి అంచు దాటవోయింది.
అర పాయింటు తగ్గిచ్చి లోపలికి లాగిన.
ప్లేటు కొట్టిన.

జూన్ల మా క్యాంపు మెస్సుల,
పప్పు గిన్నెల పైన అతికిచ్చిండ్రు.
పరంజీ పనిచేసే లింబాద్రి
పళ్లెం పట్టుకొని
ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నడు.
చే... యిం... చ...
అక్కడ ఆగిండు.
వెనక లైన్ల ఉన్నోళ్లు జరుగుమని తోస్తున్నరు.
నాదిక్కు తిరిగి,
నెమ్మదిగ, ఎవరు వినకుండ అడిగిండు:
"ఇది అచ్చుతప్పు కాదు కద?"